పిల్లల కొలువునకు పట్టము: ఉన్నత విద్యామండలుల అధ్యక్షులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల ఉన్నత విద్యామండలుల అధ్యక్షులకు,

మాన్యులారా,

మామిడి అంటునకు, బత్తాయి చెట్టునకు పట్టు తెగుళ్ళను ఆనవాలు పట్ట నేర్పుటకు నాలుగేండ్ల పట్టమిచ్చు ఉద్యాన విశ్వవిద్యాలయములు మన రెండు రాష్ట్రములలోను గలవు. వెంకట్రామన్నగూడెమున నొకటి, సిద్దిపేట జిల్లా ములుగున నొకటి. వానిని జూచి సంతోషించువారిలో నేనును ఒకతెను. కాని మూడేండ్ల బిడ్డ తల్లి కొంగు విడిచి, ఏ వ్యక్తి చేయి పట్టుకొని తొలిసారిగా ఊరి అంగన్‌వాడీలో అడుగు పెట్టునో, ఆ వ్యక్తికి కొలువున జేరిన పిమ్మట నియమించిన వృత్తిశిక్షణ 26 పనిదినములు మాత్రమే యని తలచినపుడు, మన సమాజము దేనికి శాస్త్రము వలయునని యెంచినదో, దేనికి అక్కరలేదని యెంచినదో తెలిసి మనస్సు కలతపడుచున్నది. ఆ కలతయే నన్నీ లేఖకు పురికొల్పినది.

నేను ఒక మహిళా కళాశాలలో శిశువికాస శాస్త్రమును చిరకాలము బోధించి విశ్రాంతి పొందినదానను. నా విద్యార్థినులలో పెక్కురు చదువు ముగించి, పెండ్లియై, నగరములలో స్థిరపడిరి. పట్టము వారియొద్ద నున్నది, పిల్లలు వేరొకరియొద్ద నున్నారు. ఆ వేరొకరు ఎవరనగా, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 55 వేలు, తెలంగాణలో 35 వేలకు పైగా గల అంగన్‌వాడీ కేంద్రములలోని టీచర్లు, ఆయాలు. సంక్షేమ వసతిగృహముల వార్డెనులు. గురుకులములలో రాత్రివేళ పిల్లలకు తోడుండువారు. బాలసదనములలోను పరిశీలన గృహములలోను పనిచేయువారు. జూనియరు కళాశాలల హాస్టళ్ళలో ‘ఇన్‌ఛార్జి’ యను పేరుతో పదునాఱేండ్ల పిల్లలను తెల్లవారుజామున లేపి, రాత్రి చదువు ముగిసిన పిదప గదులకు తోలు యువకులు. వీరిలో ఇంటరుతో ఆగినవారు కలరు, డిగ్రీని నడుమ విడిచినవారు కలరు, సంబంధము లేని విషయములలో ఎం.ఏ. చేసినవారును కలరు, తాము దినమంతయు చేయుచున్న పనినే విద్యగా చదువుకొను అవకాశము లభించినవారు మాత్రము అరుదు. పిల్లలతోను యువజనులతోను పనిచేయుటనే ప్రధాన విషయముగా గొని, కొలువు మానకుండ, తెలుగులో చదువదగిన సంపూర్ణ పట్టమొకటి వీరికొరకు ఏర్పఱుపుడని మిమ్ము ప్రార్థించుచున్నాను. సంక్షేమ శాఖకు గాక మీకే యేల వ్రాయుచున్నాననగా, శాఖ శిక్షణ నీయగలదు గాని పట్టము నీయజాలదు. ఒక వృత్తికి విద్యాగౌరవము కల్పించు అధికారము మీరు సమన్వయపఱచు విశ్వవిద్యాలయములకే కలదు.

ఈ కోరికకు మన దేశముననే పూర్వచరిత్ర యున్నది. న్యాయవాద వృత్తిని విడిచి 1920లో భావనగరున బాలమందిరమును నెలకొల్పిన గిజుభాయి బధేకాయు, ఆయనతో కలిసి పనిచేసి, తరువాత ఠాణే ప్రాంతమునందలి బోర్డీలోను కోస్‌బాడ్ కొండమీదను ఆదివాసి శిశువుల నడుమ బడి నడపిన తారాబాయి మోడకును, ఆమెకు కుడిభుజమైన అనుతాయి వాఘును పిల్లలను ప్రేమించుటతోనే తృప్తి చెందలేదు; చూచినది వ్రాసికొనిరి, వ్రాసినదానిని బడిలో పరీక్షించిరి, పరీక్షించినదానిని ఇతరులకు నేర్పుటకై ఉపాధ్యాయశిక్షణ నడపిరి. బడికి రాని బిడ్డయొద్దకు బడియే పోవలెనని తారాబాయి గుడిసెల ముంగిళ్ళలో నడపిన అంగన్‌వాడీయే, 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకమున కేంద్రములకు పేరైనది. మన తెలుగువారిలో రేడియో అన్నయ్య, అక్కయ్యలని పేరొందిన న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లలచేతనే మాటాడించి, పాడించి, నటింపజేసి, 1945లో ‘బాల’ పత్రికను స్థాపించి, బాలానంద సంఘములను పెంచిరి. అదియు ఒక జీవితకాలపు అధ్యయనమే. వారివంటివారు నూటికొకరు స్వయంకృషితో ఆ విద్యను సాధింతురు. ఆ శిశు అభివృద్ధి పథకము నేడు ఊరూర వ్యాపించినది, అంగన్‌వాడీ యను పేరు ప్రతి యింట నిలిచినది, తారాబాయి నడపిన శిక్షణ తరగతి మాత్రము కొలది దినములకు కుదించుకొనిపోయినది. 2023 మేలో కేంద్రప్రభుత్వము ‘పోషణ్ భీ పఢాయీ భీ’ యను కార్యక్రమమును ప్రకటించి, తిండితో పాటు చదువును కూడ అంగన్‌వాడీ చూడవలెనన్నది. మంచిదే, కాని అందుకై టీచరునకిచ్చు శిక్షణ మూడు దినములు.

“పిల్లలను సాకుటకు చదువేల, తల్లిమనసు చాలదా?” అని యడుగువారున్నారు. తల్లిమనసు లేనిచో ఏ చదువును పనికిరాదని నేనును ఒప్పుకొందును; అది చాలునా యన్నదే ప్రశ్న.

ఒక సంగతి చెప్పెదను. పరిశీలనాభ్యాసమునకై మా విద్యార్థిని యొకతె ఒక పల్లె అంగన్‌వాడీకి పోయినది. అక్కడ నాలుగేండ్ల బాలుడొకడు గడపప్రక్కన కూర్చుండి, దోసెడు చింతగింజలను నేలపై పేర్చుకొనుచు, పాటకుగాని ఆటకుగాని లేచువాడు కాడు. “వాడు మొండోడమ్మా, పిలిస్తే పలకడు” అని టీచరు చెప్పినది. మా పిల్లయు తన పుస్తకములో ‘మొండివాడు, ఇతరులతో కలియడు’ అని వ్రాసికొని వచ్చినది. పరిశీలన పుస్తకములో తీర్పులుండరాదు, చూచినదియు విన్నదియు మాత్రమే యుండవలెననునది ఈ శాస్త్రమున తొలి పాఠము. మరునాడు ఆమె తిరిగి పోయి, ఒక మూల కూర్చుండి, నిమిషము నిమిషము వ్రాసినది. బాలుడు పెద్దగింజల నొకప్రక్కకు, చిన్నగింజల నొకప్రక్కకు వేఱుచేసినాడు. ఎదుట నిలిచి చేయి చాపినపుడు ఒక గింజను తీసి యిచ్చి నవ్వినాడు. వెనుకనుండి పేరు పెట్టి పిలిచినపుడు తల త్రిప్పలేదు. వంటగదిలో పళ్ళెము జారి పడినపుడు గదిలోని పిల్లలందఱు అటు తిరిగిరి, వాడొక్కడు తిరుగలేదు. ఆ పుటను చదివించుకొని విన్న టీచరే, “అయితే వీడికి వినపడటం లేదేమోనమ్మా” అన్నది. ప్రభుత్వపు బాలస్వాస్థ్య కార్యక్రమము క్రింద పిల్లలను జిల్లా కేంద్రమునకు పంపి పరీక్షింపజేయు ఏర్పాటున్నది. అచ్చట పరీక్షించినపుడు చెవిలోపము బయటపడినది. ఆ టీచరునకు వాత్సల్యము లేకపోలేదు. వాడు గ్రుడ్డు ముట్టక కూర్చున్నపుడు తానే ఒలిచి ముక్కలు చేసి తినిపించునట. ఆమెకు లేనిది ఎట్లు చూడవలెనో నేర్పిన గురువు. అట్టి బాలురు మన కేంద్రములలో మొండివారుగా ఎందఱు లెక్కింపబడి, ఎందఱు ఒకటవ తరగతిలో మందబుద్ధులుగా తేలుచున్నారో తలచుకొనుడు.

ఈ చూచెడి విద్య దేశముల ఆచారములనే మార్చినది. 1950 ప్రాంతమున ఇంగ్లండు ఆసుపత్రులలో పిల్లలను జేర్చినపుడు తల్లిదండ్రులను మిక్కిలి పరిమితముగా రానిచ్చువారు. తల్లి వచ్చి పోయినచో బిడ్డ ఏడ్చును, రాకున్నచో త్వరలోనే కుదుటపడును అనునది నర్సుల అనుభవము, వైద్యుల నమ్మకము. లండను టావిస్టాక్ క్లినిక్‌లో మనోవైద్యుడగు జాన్ బౌల్బీతో పనిచేయుచుండిన జేమ్స్ రాబర్ట్‌సన్, చిన్న శస్త్రచికిత్సకై ఎనిమిది దినములు ఆసుపత్రిలో నుండిన రెండేండ్ల బాలికను నియమిత వేళలలో చిత్రించి 1952లో చలనచిత్రముగా చూపినాడు. ఆ పిల్ల పెద్దగా ఏడ్వదు, తల్లి వచ్చినపుడు మొగము త్రిప్పుకొనును, బొమ్మను గట్టిగా పట్టుకొనును, పెదవి బిగించుకొనును. ఏడుపు మానుట వేఱు, దుఃఖము తీఱుట వేఱు అని ఆ చిత్రము కన్నులకు కట్టినట్లు చూపెను. వైద్యులలో పలువురు మొదట మండిపడిరి. కాని 1959లో ఈ విషయమును పరిశీలించిన ప్లాట్ సంఘము తల్లిదండ్రులకు ఆంక్షలు లేకుండ ప్రవేశముండవలెనని సిఫారసు చేసినది. ఇది ఆంగ్లదేశపు కథ యని త్రోసివేయరాదు. మన గురుకులములలో ఐదవ తరగతి ప్రవేశము జరిగిన మొదటి నెలలో, పదేండ్ల పిల్లలు ట్రంకుపెట్టెల ప్రక్కన పండుకొని ఏడ్చి, కొలది దినములకు ఏడుపు మాని, అన్నము తిని, వరుసలో నిలుచుండుట నేను చూచినాను. “అలవాటు పడ్డారండీ” అని వార్డెనమ్మ చెప్పును. ఆమె యబద్ధమాడుట లేదు. ఆమెకు తెలిసినంత అదియే. అలవాటు పడినవారెవరో, లోలోపల ముడుచుకొనిపోయినవారెవరో విడదీసి చూచుటకు ఒక చదువున్నదని ఆమెకు చెప్పినవారు లేరు.

కౌమారము సంగతి ఇంతకంటెను కఠినము. మన రెండు రాష్ట్రములకు ఇది సిగ్గుపడవలసిన విషయము గనుక ఇచ్చట కొంచెము నిలిచి వ్రాసెదను. పదునైదు, పదునాఱు, పదునేడేండ్ల పిల్లలను వేలకొలదిగా ఒకచోట చేర్చి, ఇంజనీరింగు, వైద్య ప్రవేశపరీక్షలకు సిద్ధపఱచు హాస్టలు మన తెలుగువారు పెంచి పోషించిన వ్యవస్థ. యౌవనారంభమున శరీరమునకు నిద్ర వచ్చు వేళయే ఆలస్యమగునని, ఆ వయసు పిల్లలు రాత్రి త్వరగా నిద్రపోలేకపోవుట సోమరితనము కాదని శాస్త్రము నిర్ధారించి చాలకాలమైనది. అయినను తెల్లవారకముందే తలుపులు తట్టి లేపుటయు, స్టడీ అవరులో కునుకు తీసినవానిని నిలువబెట్టుటయు ఇన్‌ఛార్జి విధి. ఆ ఇన్‌ఛార్జియు ఇరువదిమూడేండ్ల వాడే. చాలీచాలని జీతమునకు, అదే హాస్టలులో పండుకొనుచు, ర్యాంకుల లెక్కకు తానును జవాబు చెప్పుకొనుచుండును. వారాంతపు పరీక్షలో మార్కులు పడిపోయిన పిల్లవాడు మూడు దినములుగా మెస్సుకు రాలేదని అతనికి తెలియును. అది ప్రమాదసూచన యని తెలియదు. ‘బ్రతికి ఏం లాభం అన్నా’ అని ఒక పిల్లవాడు అతనితో అన్నచో, ఏమి అడుగవలెనో, ఏమి అనరాదో, ఎవరిని పిలువవలెనో, ఆ రాత్రి వానిని ఒంటరిగా విడువవచ్చునో లేదో ఎవరును అతనికి నేర్పలేదు. ఇంటరు ఫలితములు వెలువడిన వారమున మన పత్రికలలో అచ్చగు వార్తలను చదివి కన్నీరు కార్చు మనము, ఆ పిల్లల ప్రక్కగదిలో పండుకొనిన యువకుని చదువును గూర్చి ఎన్నడైన విచారించితిమా?

చట్టములు మాత్రము ఎంతో అడుగుచున్నవి. లైంగిక నేరములనుండి బాలలను రక్షించు 2012 నాటి పోక్సో చట్టము, నేరము జరిగినట్లు ఎఱిగిన ఎవరైనను పోలీసులకు తెలుపవలెనని విధించి, తెలుపనివారికి శిక్షను నిర్ణయించినది. 2015 నాటి బాలల న్యాయచట్టము క్రింద సంరక్షణకు వచ్చిన ప్రతి బిడ్డకును వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక యుండవలెను. న్యాయమైన నియమములే. కాని అర్ధరాత్రి ఒక బాలిక వచ్చి మాట పెగలక నిలుచుండినపుడు, బెదరిపోయిన వార్డెను “నిజం చెప్పు, ఎవరు, ఎప్పుడు, ఎందుకు కేకవేయలేదు” అని పదిమందిలో ప్రశ్నలు కురిపించినచో, ఆ బిడ్డ నోరు మూతపడుటయే కాక, రేపు న్యాయస్థానమున సాక్ష్యమును చెడిపోవచ్చును. తక్కువ అడిగి ఎక్కువ వినుట, బిడ్డ మాటలను బిడ్డ మాటలుగానే వ్రాసికొనుట, “ఎవరికీ చెప్పను” అని నిలుపుకొనజాలని మాట ఇయ్యకుండుట, ఇవి సహజముగా వచ్చునవి కావు, అభ్యాసమున వచ్చునవి. చట్టపు భారమును కార్యకర్తల నెత్తిన మోపి, మోయు నేర్పును ఈయకుండుట ధర్మము కాదు.

పరదేశములు ఈ చిక్కును ఎట్లు విప్పుకొనినవో రెండు ముక్కలలో చెప్పెదను. డెన్మార్కులో మూడున్నరేండ్ల పట్టముతో ‘పెడగోగ్’ అను వృత్తి కలదు. శిశుశాలలో పనిచేయువారును, యువజన కేంద్రమున పనిచేయువారును, దివ్యాంగులతో పనిచేయువారును ఆ చదువునుండియే వత్తురు. అందు గణనీయమగు కాలము పనిచోటుననే గడచును. ఇంగ్లండులో 2001 నుండి ఫౌండేషన్ డిగ్రీ యనునది ప్రవేశపెట్టి, నర్సరీలలో, బడులలో సహాయకులుగా నున్నవారు కొలువు మానకుండ చదివి, తరువాత మఱియొక యేడు చదివి పూర్ణపట్టము పొందు మార్గమును తెఱచిరి. అచ్చటనే 1997లో ఆరంభించి సుమారు 3 వేలమంది శిశువులను ఏండ్ల తరబడి అనుసరించిన పరిశోధనలో, విద్యార్హతలు హెచ్చుగా గల సిబ్బంది యున్నచోట శిశుశాలల గుణమును, పిల్లల ప్రగతియు హెచ్చుగా నున్నట్లు తేలినది.

మనము కొత్తగా కట్టవలసినది కూడ అంతగా లేదు. 1982లో దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయమును హైదరాబాదులో స్థాపించినవారము మనమే. నేడది అంబేద్కరు పేరు ధరించినది. బడి ముఖము చూడని పెద్దవారు అర్హతపరీక్ష వ్రాసి పట్టభద్రులైన ఉదాహరణలు ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో గలవు. 2020 నాటి జాతీయ విద్యావిధానము, ఇంటరు చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరునెలల సర్టిఫికెట్టును, అంతకు తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమాను ఈయవలెనన్నది. ఆ విధానమే డిగ్రీని మెట్లుగా విభజించి, ఒక యేటికి సర్టిఫికెట్టు, రెండేండ్లకు డిప్లొమా, మూడేండ్లకు పట్టము అని, సంపాదించిన క్రెడిట్లు నిలువయుండునట్లు ఏర్పాటు చేసినది. నేను కోరునది ఈ రెంటిని ముడివేయుటయే: టీచరు చదివిన సర్టిఫికెట్టు గోడకు తగిలించు కాగితము కాక, 120 క్రెడిట్ల పట్టములో తొలి మెట్టుగా లెక్కకు రావలెను. అందు సగభాగమైనను ఆమె పనిచేయు కేంద్రముననే, ఆమె పిల్లల నడుమనే, నెలకొకమారు వచ్చి చూచు మార్గదర్శి సమక్షమున జరుగవలెను. పరీక్షలు కంఠపాఠమును గాక పరిశీలన పుస్తకమును, ఒక బిడ్డను ఏడాది పొడవున అనుసరించి వ్రాసిన వృత్తాంతమును పరీక్షింపవలెను. తొలి రెండేండ్లు అందఱు కలిసి చదివి, మూడవ యేట శిశువులవైపు కొందఱు, కౌమారులవైపు కొందఱు, సంస్థలలోని అనాథబాలలవైపు కొందఱు విడిపోవచ్చును. పురుషులను ఈ చదువునకు పిలిచి తీసికొని రావలెను. బాలుర హాస్టళ్ళకు మనకు కావలసినవారు వారే.

పుస్తకములను గూర్చి ఒక మనవి. పరభాషా గ్రంథములను తెనిగించి ఇచ్చి పని యైనదనుకొనరాదు. 1968లో నెలకొన్న తెలుగు అకాడమి శాస్త్రగ్రంథములెన్నిటినో తెలుగున వెలువరించినది. ఆ మార్గముననే, మన పిల్లలను చూచి మనవారు వ్రాసిన పుస్తకములు కావలెను. శిశువికాస శాస్త్రజ్ఞులగు పియాజే, వైగోట్‌స్కీలు చెప్పినది చదువవలసినదే. దానితో పాటు గుజ్జనగూళ్ళలో, దాగుడుమూతలలో, ఒప్పులకుప్పలో, అష్టాచెమ్మా గవ్వల లెక్కలో మన పిల్లలు ఏమి నేర్చుకొనుచున్నారో విప్పి చెప్పు పాఠ్యపుస్తకము ఉండవలెను. పాడేరులో, ఉట్నూరులో ఇంట కువియో గోండియో మాటాడు బిడ్డకు అంగన్‌వాడీలో తొలిదినమున చెవిని పడునది పరాయి భాష. ఆ బిడ్డ మౌనమును మందమతిత్వముగా భ్రమింపకుండుటకు టీచరునకు ఏమి తెలియవలెనో ఏ విదేశ గ్రంథమును చెప్పజాలదు. ఆ ప్రాంతపు టీచర్లే కొందఱు చదివి, చూచి, వ్రాయవలెను.

ఇక జీతము మాట. దీనిని దాటవేసి చదువు గొప్పదనమును మాత్రమే పొగడుట నాకు న్యాయముగా తోచదు. వీరికి మనమిచ్చునది జీతమని కూడ పిలువబడదు, గౌరవవేతనము. 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు గుజరాతునుండి వచ్చిన వ్యాజ్యమున, అంగన్‌వాడీ కార్యకర్తలును ఆయాలును గ్రాట్యుటీకి అర్హులని తీర్పు చెప్పవలసివచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరునుండి 42 దినములు వారు సమ్మె చేసి, కేంద్రములు విడిచి వీథిలో కూర్చుండవలసివచ్చినది. అట్టివారితో ‘ఇంకను చదువుడు’ అని చెప్పి, చదివిన పిదప అదే వేతనమున నిలిపినచో, ఈ పట్టము మఱియొక బరువే యగును. కావున రుసుము లేకుండుటయు, చదువుదినములకు వేతనముతో సెలవు నిచ్చుటయు, పట్టము పొందినవారికి సూపర్‌వైజరు కొలువులలోను, పూర్వప్రాథమిక ఉపాధ్యాయ పదవులలోను నిర్ణీత భాగమును కేటాయించుటయు ప్రభుత్వములతో ముందుగనే ఒడంబడిక చేసికొనుడు. అట్లే, పట్టము లేదను నెపమున నేడున్న వారినెవ్వరిని తొలగింపరాదని కూడ ఆ ఒడంబడికలో వ్రాయింపుడు. ఇరువదియేండ్లుగా పిల్లలను మోసిన చేతులను చదువు పేరిట ఖాళీ చేయుట ఈ కోరిక ఉద్దేశమునకే విరుద్ధము.

ఖర్చును గూర్చి మీరడుగుదురు. అధ్యయన కేంద్రములకు డిగ్రీ కళాశాలల భవనములు ఆదివారములలో ఖాళీగానే యున్నవి. మార్గదర్శులుగా నిలువదగిన గృహవిజ్ఞాన అధ్యాపకురాండ్రు, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, శిశువైద్యులు ప్రతి జిల్లాలోను ఉన్నారు. పిలిచినచో నావంటివారు దారిఖర్చులు మాత్రమే పుచ్చుకొని వత్తుము. ఒక్కొక్క రాష్ట్రమున రెండు జిల్లాలతో ఆరంభింపుడు, ఒకటి మైదానమున, ఒకటి ఏజెన్సీలో. రాబోవు విద్యాసంవత్సరపు ప్రవేశప్రకటనలో ఈ పట్టమునకు ఒక పంక్తి చోటిండు. దరఖాస్తులకు కొదవ యుండదని, పనిలో నున్న ఆ స్త్రీపురుషులను ఎఱిగినదానను గనుక, నేను మీకు హామీ ఇయ్యగలను.

ఇట్లు
భవదీయ,
ఒక విశ్రాంత అధ్యాపకురాలు